బండికి పేరు, పేరుకు గుర్తు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంజనీరింగ్, డిజైన్ విద్యార్థులు రాసినవే. కాన్సెప్ట్ వాహనాలు, అంటే అమ్మకానికి ముందు ఒక ఆలోచనను చూపించే నమూనా బండ్లు, రూపొందిస్తున్న బృందాలు పేరు, లోగోల గురించి అడిగిన సందేహాలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేము నలుగురం మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులం. పొలం నుంచి రైతు బజారుకు కూరగాయలు చేరవేసే మూడు చక్రాల విద్యుత్ వాహనాన్ని ప్రాజెక్టుగా రూపొందిస్తున్నాం. డ్రాయింగులు, చిన్న నమూనా పూర్తయ్యాయి. పేరు దగ్గర ఆగిపోయాం. ఇద్దరు ‘పుష్పక్’ అంటున్నారు, ఇద్దరు ‘అగ్నివేగ ఈవీ-ఎక్స్’ అంటున్నారు. ఏది పెట్టుకోమంటారు? పేరు ఎంచుకోవడానికి పద్ధతి ఏమైనా ఉందా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: రెండూ వద్దనే చెబుతాను. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెబితే, పేరును ఎక్కడ వెతకాలో కూడా మీకు కొంత తెలుస్తుంది.

‘పుష్పక్’ అందమైన పేరు. పలకడానికి సుఖంగా ఉంటుంది, రామాయణం తెలిసిన ప్రతి ఇంటికీ పరిచయమైనది. అందువల్లనే అది ఇప్పటికే చాలామంది చేతుల్లో ఉంది. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ 1958లో తొలిసారి ఎగరేసిన రెండు సీట్ల శిక్షణ విమానం పేరు పుష్పక్. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ అమ్మిన స్కూటరు పేరు పుష్పక్. శంషాబాద్ విమానాశ్రయానికి ఆర్టీసీ నడిపే బస్సుల పేరు పుష్పక్. ఇస్రో 2024 మార్చిలో చిత్రదుర్గ దగ్గర రన్‌వే మీద దింపి పరీక్షించిన రెక్కల వాహక నౌక పేరు కూడా పుష్పకే. రేపు ఎవరైనా మీ ప్రాజెక్టు గురించి విని ఇంటర్నెట్‌లో వెతికితే బస్సుల వేళలు, ఇస్రో వార్తలు వస్తాయి తప్ప మీ బండి కనిపించదు. అంతకన్నా పెద్ద అభ్యంతరం ఇంకొకటి ఉంది. రాజులు ఎక్కి ఆకాశంలో తిరిగిన విమానం పేరుకూ, టమాటా పెట్టెలు మోసే మీ బండికీ పొంతన లేదు.

‘అగ్నివేగ’ విషయం మరీ ఇబ్బందికరం. 2022లో మన దేశంలో విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలు అంటుకున్న సంఘటనలు వరుసగా జరిగాయి; తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు కూడా పోయాయి. బ్యాటరీతో నడిచే బండికి నిప్పు పేరు పెట్టి, దాన్ని ఇంటి ముందు ఛార్జింగ్‌కు పెట్టుకోమని ఒక రైతుకు చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇక ‘ఈవీ-ఎక్స్’ సంగతికి వస్తే, మారుతీ సుజుకీ 2023 ఆటో ఎక్స్‌పోలో చూపించిన విద్యుత్ కాన్సెప్ట్ పేరు ‘ఈవీఎక్స్’. ప్రయోగాత్మక వాహనానికి ‘ఎక్స్’ తగిలించడం కూడా ఎంతో పాత అలవాటు. మొదటి కాన్సెప్ట్ కారుగా చాలామంది లెక్కించే 1938 నాటి బ్యూక్ ‘వై-జాబ్’కు ఆ పేరు ఎలా వచ్చిందంటే, ప్రయోగాలన్నిటికీ అప్పటికే అందరూ ఎక్స్ అని పెట్టేస్తున్నందువల్ల డిజైనర్ హార్లీ ఎర్ల్ తర్వాతి అక్షరానికి వెళ్లాడని చెబుతారు. అప్పటికే అరిగిపోయిన అక్షరాన్ని మీరు ఇప్పుడు పట్టుకోవడం ఎందుకు?

ఇక పద్ధతి గురించి. పేర్లు రాయడానికి ముందు మీ బండి గురించి ఒకే ఒక్క వాక్యం రాయండి. అది ఎవరిది, ఏం మోస్తుంది, ఏ వేళ నడుస్తుంది, ఎంత దూరం వెళుతుంది అన్నవి అందులో ఉండాలి. ‘తెల్లవారుజామున ఊరి నుంచి బయలుదేరి, కూరగాయల పెట్టెలతో సంత తెరిచేలోపు రైతు బజారు చేరి, మధ్యాహ్నానికి ఖాళీగా ఇంటికి తిరిగివచ్చే, ఒక్క మనిషి నడపగల బండి’ అని రాసుకున్నారనుకుందాం. ఆ వాక్యంలోని మనుషుల నోట్లో ఉండే మాటలన్నిటినీ ఏరి కాగితం మీద పెట్టండి. గంప, తట్ట, కావడి, సంత, వేకువ, తొలికోడి వంటివి వెంటనే దొరుకుతాయి. పురాణాల్లోనో నిఘంటువులోనో వెతికిన పేరు కన్నా ఇక్కడ దొరికిన పేరే బండికి అతుక్కుంటుందని నా నమ్మకం. దీనికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. ఆర్టీసీ ఊళ్లకు నడిపే బస్సుకు ‘పల్లెవెలుగు’ అని పేరు పెట్టింది. ఆ బస్సు ఎక్కడికి వెళుతుందో, ఎవరిదో పేరులోనే ఉంది. చదువు రానివాళ్లు కూడా తడుముకోకుండా పలుకుతారు.

ఏరిన మాటల్ని తర్వాత ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ‘తట్ట’ను ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే టాటా పేరుకు ఒక్క అక్షరం తేడాలో ఉంటుంది. వాహనాల రంగంలో ఆ దగ్గరితనం మిమ్మల్ని ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యనివ్వదు. ‘సంత’ను ఇంగ్లిషులో రాస్తే తెలుగు రానివారు శాంటా అని చదివి క్రిస్మస్ తాతను తలుచుకుంటారు. ‘గంప’ బాగుంది గాని చాలామందికి అది ఇంటిపేరు. ‘కావడి’కి బలమైన అర్థం ఉంది. రెండు వైపులా బరువును సరిచూసుకుని మోసే సాధనం అది, మూడు చక్రాల బండిలో బరువు పంపకమే మీ ముఖ్యమైన ఇంజనీరింగ్ సమస్య అయితే ఆ పేరు వెనుక మీరు చెప్పుకోవలసిన కథ కూడా సిద్ధంగా ఉంటుంది. అయితే దానికి మొక్కులతో, దైవకార్యాలతో ముడి ఉంది కాబట్టి సరుకుల బండికి వాడేముందు పెద్దల మాట కూడా వినండి. ‘వేకువ’ చిన్నది, మెత్తనిది, ఒత్తులు లేనిది, ఇంగ్లిషు అక్షరాల్లో రాసినా దాదాపు అలాగే చదువుతారు. నాకు అది నచ్చింది. నిర్ణయం మాత్రం మీది.

ఆ తర్వాత చేయవలసిన పరీక్షల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది ఫోను పరీక్ష. మీ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని ఒక బంధువుకు ఫోను చేసి పేరు ఒక్కసారి మాత్రమే చెప్పి, దాన్ని తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి పంపమనండి. ఐదుగురు ఐదు రకాలుగా రాశారంటే పేరు ఎంత బాగున్నా పక్కన పెట్టవలసిందే. రెండో పరీక్ష రైతు బజారులోనే చేయండి. మూడు పేర్లు ఇద్దరు ముగ్గురు కూరగాయలమ్మే అమ్మలకు చెప్పి వచ్చి, రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లి ఏది గుర్తుందో అడగండి. మీ నలుగురిలో ఇద్దరు ఒకవైపు, ఇద్దరు మరోవైపు ఉన్నారు కాబట్టి ఓట్లు వేసుకున్నా తెగదు. బండిని వాడబోయేవారి జ్ఞాపకానికే తీర్పు అప్పగించండి.

ఇంత జాగ్రత్త విద్యార్థులకు అవసరమా అనిపించవచ్చు. పెద్ద కంపెనీలకు కూడా పేర్లు చివరి క్షణంలో అడ్డం తిరిగాయి. టాటా మోటార్స్ తన చిన్న కారుకు ‘జికా’ అని పేరు పెట్టి ప్రచారం మొదలుపెట్టాక జికా వైరస్ వ్యాపించడంతో 2016లో దాన్ని ‘టియాగో’గా మార్చుకుంది. మహీంద్రా 2024 చివరలో ‘బీఈ 6ఈ’ అనే విద్యుత్ కారును ప్రకటించగానే, ‘6ఈ’ తమ గుర్తు అంటూ ఇండిగో విమాన సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. కారు పేరు ‘బీఈ 6’ అయింది. పోర్షె 911 అసలు పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో 1964లో అభ్యంతరం చెప్పడంతో సున్నా స్థానంలో ఒకటి వచ్చి చేరింది. ఆ మార్పు పోర్షెకు మేలే చేసింది. మార్చవలసి వస్తే పేరు పూర్తిగా పోకుండా ఎంతో కొంత నిలిచేలా చూసుకోవచ్చని ఆ ఒక్క అంకె మార్పు చెబుతోంది.

ప్రశ్న: మా ఊరి దగ్గరే కియా కర్మాగారం ఉంది. అక్కడ తయారైన మొదటి కారును ప్రదర్శనలో ఒక పేరుతో చూపించి, అమ్మకానికి ఇంకో పేరుతో తెచ్చారని విన్నాను. కంపెనీలు కాన్సెప్ట్‌కు అసలు పేరు ఎందుకు పెట్టవు? మేమూ అలా కోడ్ పేరుతో సరిపెట్టుకోవచ్చా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, పెనుకొండ

జవాబు: మీరు విన్నది నిజమే. 2018 ఆటో ఎక్స్‌పోలో ‘ఎస్‌పీ కాన్సెప్ట్’గా చూపించిన కారే 2019లో మీ పెనుకొండ కర్మాగారం నుంచి ‘సెల్టోస్’గా బయటికి వచ్చింది. అదే 2018 ప్రదర్శనలో టాటా ‘హెచ్5ఎక్స్’ పేరుతో చూపించినది హ్యారియర్ అయింది, ‘45ఎక్స్’ ఆల్ట్రోజ్ అయింది. హ్యుందాయ్ 2016లో చూపించిన ‘కార్లినో’ నుంచి మూడేళ్లకు ‘వెన్యూ’ వచ్చింది. దీనికి కారణం చాలా మామూలుది. అమ్మకానికి పెట్టే పేరును అనేక దేశాల్లో చట్టపరంగా సరిచూసుకోవడానికి ఎంతో సమయం పడుతుంది, ఆ లోపు ప్రదర్శన తేదీ వచ్చేస్తుంది. పైగా కాన్సెప్ట్ అన్నది జనం ఏమంటారో తెలుసుకోవడానికి వేసే అడుగు. అది నచ్చకపోతే మంచి పేరు కూడా దానితోపాటే వృథా అవుతుంది. అలాగని అందరూ ఒకే దారిలో వెళ్లరు. ఫోక్స్‌వ్యాగన్ 2017లో చూపిన ‘ఐడీ బజ్’, టాటా 2022లో చూపిన ‘కర్వ్’ అవే పేర్లతో రోడ్డెక్కాయి.

మీ విషయంలో లెక్క వేరు. కంపెనీ కాన్సెప్ట్‌కు వెనుక కియా, టాటా అన్న పెద్ద పేరు ఎప్పుడూ ఉంటుంది, అందువల్ల రెండక్షరాల కోడ్ ఉన్నా సరిపోతుంది. విద్యార్థి ప్రాజెక్టుకు అటువంటి అండ లేదు. డ్రాయింగు ఫైళ్ల మీద, విడిభాగాల జాబితాలో కోడ్ వాడుకోండి; పేరు తర్వాత మారినా ఫైళ్లన్నీ తిరగరాయవలసిన పని ఉండదు. పోటీల్లో న్యాయనిర్ణేతల ముందు నిలబడినప్పుడు మాత్రం మీ బండికి ఒక పేరు ఉండాలి.

ప్రశ్న: నేను డిజైన్ విద్యార్థినిని. నా కాన్సెప్ట్ ఒక్కరే కూర్చునే తేలికపాటి నగర వాహనం, పేరు ‘తూనీగ’. లోగోలో తూనీగ రెక్కల మధ్య అశోకచక్రాన్ని బండి చక్రంలా పెట్టి, మూడు రంగులు వేశాను. పేరును తెలుగు అక్షరాల్లోనే రాయాలని నా కోరిక. ఇంగ్లిషులో ఉంటేనే వృత్తిపరంగా కనిపిస్తుందని మా గైడు గారు అంటున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందుగా అశోకచక్రాన్ని తీసేయండి అమ్మా. చిహ్నాలు, పేర్ల దుర్వినియోగాన్ని నిరోధించే 1950 నాటి చట్టం ప్రకారం జాతీయ జెండాను, జెండాలో ఉన్న అశోకచక్రాన్ని కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ట్రేడ్‌మార్కుల్లోను, డిజైన్లలోను, వ్యాపార అవసరాలకు వాడకూడదు. ఇది ప్రస్తుతానికి తరగతి ప్రాజెక్టే కావచ్చు, అయితే పోటీకి పంపి, ఆ తర్వాత ఎవరైనా పెట్టుబడి పెడతామంటే మొదట మార్చమనేది దీన్నే. చక్రం గీయాలనగానే అశోకచక్రం చువ్వలే తోచడం మన విద్యార్థుల్లో చాలా ఎక్కువ. మీ దేశాభిమానాన్ని నేను గౌరవిస్తున్నాను, దాన్ని చూపడానికి లోగో చోటు కాదు.

రెండో మాట. మీ లోగోలో రెక్కలు, చక్రం, మూడు రంగులు, అక్షరాలు, ఇన్ని ఉన్నాయి. లోగో వాహనానికి బొమ్మ కానవసరం లేదు. ఆడి నాలుగు వలయాల్లో కారు ఎక్కడా లేదు. 1932లో ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ష్, వాండరర్ అనే నాలుగు కంపెనీలు కలిసిన గుర్తుగా ఆ వలయాలు పుట్టాయి. టొయోటా 1989లో తెచ్చిన గుర్తులో ఉన్నవి మూడు అండాకారాలు మాత్రమే. ఒక్క ఆలోచన, దాన్ని నిలబెట్టే ఒక్క ఆకారం ఉంటే చాలు. మీ తూనీగలో ఆ ఒక్కటీ రెక్కే అని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే బండి తేలికదనం మీ ముఖ్య ఉద్దేశం.

ఇప్పుడు తెలుగు అక్షరాల సంగతి. మీ కోరికను నేను పూర్తిగా సమర్థిస్తాను. మీ పేరును కాగితం మీద పెద్దగా రాసుకుని నిదానంగా చూడండి. ‘గ’ అక్షరంలో కింద ఒక కమాను, పైన తలకట్టు ఉన్నాయి. ఆ కమాను కారు చక్రం మీద ఉండే వంపులాగే ఉంటుంది. తలకట్టును రెండు వైపులా కాస్త సాగదీసి సన్నగా ముగిస్తే అది ఎగిరే రెక్క అవుతుంది. అంటే మీరు విడిగా గీయాలనుకున్న రెక్క, చక్రం రెండూ మీ పేరు చివరి అక్షరంలోనే ఉన్నాయి. ‘తూ’కు కూడా తలకట్టు ఉంది, ‘నీ’ మీద మాత్రం దాని స్థానంలో గుడిదీర్ఘం వస్తుంది. కాబట్టి మూడక్షరాల పైవరుసలో రెక్క, సున్నితమైన చుట్ట, మళ్లీ రెక్క అన్న లయ దానంతట అదే ఏర్పడుతోంది. ఇంగ్లిషు పెద్ద అక్షరాలతో ఈ లయ రాదు. బండి ముందు అతికించే గుర్తుకు, అంటే బ్యాడ్జికి, ‘గ’ ఒక్కటే తీసుకుని, బండి వెనుక పూర్తి పేరు రాయవచ్చు.

కష్టాలు కూడా ఉన్నాయి, వాటినీ తెలుసుకోండి. మన లిపిలో గుడులు పైకి, ఒత్తులు కిందికి పోతాయి కాబట్టి ఒకే ఎత్తులో ఉండే ఇంగ్లిషు పెద్ద అక్షరాలతో పోలిస్తే నిలువుగా ఎక్కువ చోటు కావాలి. చిన్న పరిమాణంలో చుట్టలు పూడిపోతాయి. మీ పేరులో ఒత్తు లేకపోవడం మీ అదృష్టం. అక్షరాలను కలిపి రాయాలన్న సరదాను అదుపులో పెట్టుకోండి. కియా 2021లో అక్షరాలు కలిపి కొత్త గుర్తు తెచ్చినప్పుడు చాలామంది దాన్ని ‘కేఎన్’ అని చదివి, ‘కేఎన్ కారు’ ఏదని ఇంటర్నెట్‌లో వెతికారు. తెలుగులో ‘ప’, ‘వ’, ‘ష’ల మధ్య తేడా చిన్న గీత, చిన్న ఖాళీ మాత్రమే. మీరు మలచిన అక్షరాన్ని పదేళ్ల పిల్లవాడికీ, కళ్లద్దాల తాతగారికీ చూపించి చదివించండి.

మీ గైడు గారి మాటలో కూడా న్యాయం ఉంది. పోటీలకు వేరే రాష్ట్రాల నుంచి, దేశాల నుంచి వచ్చేవారు పేరు చదవగలగాలి. అందుకని తెలుగు గుర్తు, దాని పక్కనో కిందనో ఇంగ్లిషులో పేరు ఉండే జంట రూపం ఒకటి కూడా తయారు చేయండి. ఇంగ్లిషులో తూనీగను ‘టి’ తర్వాత ఒక ‘యు’తో రాస్తారా, రెండు ‘ఓ’లతో రాస్తారా, మధ్యలో ‘హెచ్’ పెడతారా అన్నది ఒకసారి తేల్చుకుని, ఆ తర్వాత అన్ని షీట్ల మీదా ఒకేలా రాయండి. ఈ చిన్న విషయంలో అశ్రద్ధ చేసి, పోస్టరు మీద ఒకలా, నివేదికలో ఇంకోలా రాసే బృందాలే ఎక్కువ.

రంగులు చివరికి వదిలేయండి. లోగోను ముందు నలుపు తెలుపుల్లోనే పూర్తి చేయాలి. ఒక సెంటీమీటరు వెడల్పుకు తగ్గించి ముద్రించి చూడండి, తర్వాత దాన్ని మీ వీధిలోని రేడియం స్టిక్కర్ల దుకాణానికి తీసుకెళ్లి కోయించండి. ఎక్కడ గీత సన్నమై ఒలుస్తుంటే తెగిపోతోందో, ఎక్కడ మూల చిరుగుతోందో ఆ పనివాడు అర నిమిషంలో చెబుతాడు. కంప్యూటరు తెర మీద ఎన్ని గంటలు చూసినా ఆ సంగతి తెలియదు. కోసిన స్టిక్కరును చదునైన బల్ల మీద కాకుండా వంపు ఉన్న బానెట్ మీద అతికించి, పది అడుగుల దూరం నుంచి చూడండి. ముందు బండి అద్దంలో కనిపించినప్పుడు గుర్తు తిరగబడి ఉంటుందని మరచిపోకండి. ‘గ’ కమాను రెండు వైపులా సమానంగా ఉంటే తిరగబడినా గుర్తుపట్టగలరు, ఇది మీ అక్షరానికి ఉన్న ఇంకొక బలం. ఫోక్స్‌వ్యాగన్ 2019లో, బీఎండబ్ల్యూ 2020లో తమ పాత ఉబ్బెత్తు మెరుపులను తీసేసి చదునైన గుర్తులకు మారడానికి ఫోన్ల చిన్న తెరలు ఒక ముఖ్య కారణం.

మీ కాన్సెప్ట్‌లో డ్రైవర్‌కు సాయపడే రాడార్ ఉందనుకుంటే ఇంకొక జాగ్రత్త కావాలి. చాలా కార్లలో ఆ రాడార్‌ను ముందు బ్యాడ్జి వెనుకే దాస్తారు. రేడియో తరంగాలు దూసుకుపోవాలి కాబట్టి అటువంటి బ్యాడ్జిని మందపాటి లోహంతో చేయరు. మీ రెండర్‌లో, అంటే కంప్యూటరులో తయారుచేసిన బండి బొమ్మలో, బ్యాడ్జికి ఏ పదార్థం చూపిస్తున్నారో ఒక్క వరుస రాసి పెట్టండి. న్యాయనిర్ణేతల్లో ఇంజనీరు ఉంటే ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ప్రశ్న: కళాశాల ప్రాజెక్టుగా మొదలైన మా విద్యుత్ బండిని చిన్న సంస్థగా మార్చాలనుకుంటున్నాం. పేరు, లోగో రిజిస్టర్ చేయించడం ఇప్పుడే అవసరమా? ఖర్చెంత అవుతుంది? ఈలోగా బండి బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవచ్చా?
– ఒక యువ బృందం, విజయవాడ

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆలస్యమైతే సరిదిద్దుకోవడం కష్టం. బండి ఆకారానికి రక్షణ ఇచ్చేది 2000 నాటి డిజైన్ల చట్టం. దరఖాస్తు చేసే నాటికి ఆ ఆకారం బహిరంగమై ఉండకూడదన్నది దాని ప్రధాన షరతు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన రెండర్ కూడా బహిరంగమే. కాబట్టి దరఖాస్తు చేశాకే బొమ్మలు పెట్టండి. రిజిస్టరైన డిజైన్‌కు పదేళ్ల హక్కు ఉంటుంది, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు.

పేరు, లోగోలు 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కిందికి వస్తాయి. ఆ రిజిస్ట్రేషన్ కోసం వస్తువులను తరగతులుగా విభజించారు, వాహనాలది 12వ తరగతి. ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతుక్కునే వీలుంది. అచ్చంగా అదే పేరు ఉందా అని మాత్రమే చూసి ఊరుకోకండి. వినడానికి దగ్గరగా ఉండే పేర్లను చూపే ఉచ్చారణ వెతుకులాట కూడా అక్కడే ఉంది, చిక్కులు ఎక్కువగా బయటపడేది అందులోనే. ‘ఎలక్ట్రిక్ ఆటో’ వంటి వస్తువును వర్ణించే మాటలకు సాధారణంగా రిజిస్ట్రేషన్ దొరకదు. 2017 నిబంధనల ప్రకారం వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న సంస్థలు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు, మిగిలినవారికి 9,000. రెండు దరఖాస్తులకు డబ్బు లేకపోతే ముందు పేరును మామూలు అక్షరాల రూపంలో దాఖలు చేయమని నా సలహా. లోగో రేపు మారవచ్చు, పేరు మీద హక్కు ఏ అక్షరశైలికైనా వర్తిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. పరిశీలనలో అంగీకరించిన గుర్తును జర్నల్‌లో ప్రకటిస్తారు, అభ్యంతరాలకు నాలుగు నెలల గడువు ఉంటుంది. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పునరుద్ధరించుకుంటూ పోవచ్చు. ట్రేడ్‌మార్క్‌ను సూచించే ‘టీఎం’ అన్న రెండక్షరాలు ఇప్పుడే వాడుకోవచ్చు గాని, వలయంలో ‘ఆర్’ ఉండే గుర్తును రిజిస్ట్రేషన్ రాకముందు వాడితే అది నేరం.

గుర్తుల పోలిక పేర్ల పోలికంత ప్రమాదకరమైనదే. టెస్లా తన మోడల్ 3కి మూడు అడ్డగీతలను గుర్తుగా పెట్టుకోబోతే, మూడు గీతలతో పేరుపడ్డ ఆడిడాస్ అభ్యంతరం చెప్పింది. టెస్లా ఆ దరఖాస్తును వెనక్కి తీసుకుని, మామూలు 3 అంకెతో సరిపెట్టుకుంది.

ఇంకొక మాట, దీన్ని చాలా బృందాలు పట్టించుకోవు. లోగోను స్నేహితుడో, డబ్బు తీసుకున్న డిజైనరో గీసి ఉంటే, ఆ బొమ్మ మీది కాపీరైట్‌ను మీ బృందానికి బదిలీ చేస్తున్నట్టు రాతపూర్వకంగా సంతకం తీసుకోండి. నోటిమాట చాలదు. ప్రాజెక్టు కళాశాల ప్రయోగశాలలో, కళాశాల నిధులతో జరిగి ఉంటే కళాశాల హక్కుల విధానం ఏం చెబుతోందో కూడా సంస్థ పెట్టకముందే చదువుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాళ్ల బృందం తయారుచేస్తున్న కాన్సెప్ట్ వాహనానికి తెలుగు పేరు సూచించమని అడుగుతున్నాడు. ఇతర భాషల్లో ఆ పేరుకు చెడ్డ అర్థం వస్తుందేమోనని నా భయం.
– ఒక తల్లి, డాలస్

జవాబు: మీ భయం సహేతుకమే. మిత్సుబిషి ‘పజేరో’ పేరు స్పానిష్‌లో బూతు అర్థం ఇస్తున్నందువల్ల స్పెయిన్‌లో, లాటిన్ అమెరికా దేశాల్లో ఆ బండిని ‘మాంటెరో’గా అమ్మారు. అయితే ఈ విషయంలో వ్యాపించిన కథలన్నీ నిజం కావు. ‘నోవా’ అంటే స్పానిష్‌లో ‘నడవదు’ అన్న అర్థం రావడంతో షెవ్రోలే కారు అమ్ముడుపోలేదని పాఠ్యపుస్తకాల్లో కూడా రాస్తుంటారు. నిజానికి ఆ కారు మెక్సికోలో, వెనెజులాలో బాగానే అమ్ముడుపోయింది. మీ అబ్బాయి బృందంలోనూ, తరగతిలోనూ స్పానిష్, చైనీస్, అరబిక్, హిందీ మాట్లాడేవారు ఉండే ఉంటారు. ఒక్కొక్కరికీ పేరును గట్టిగా చదివి వినిపించి, మొదట ఏం గుర్తుకొచ్చిందో అడగమనండి. నిఘంటువులో చూస్తే బూతులూ, వీధి మాటలూ చాలా వరకు దొరకవు.

పేరు సూచించమన్నారు కాబట్టి ఒక కొలత చెబుతాను. ‘ళ’, ‘ణ’, ‘ఱ’, ఒత్తక్షరాలు లేనివీ, రెండు మూడు అక్షరాలకు మించనివీ, దీర్ఘం హ్రస్వమైతే అర్థం చెడనివీ ఏరమనండి. ‘గువ్వ’, ‘డేగ’, ‘జింక’, ‘చిరుత’ అన్నవాటిలో ‘డేగ’, ‘చిరుత’ అక్కడివారి నోట కూడా బతుకుతాయి. ‘గువ్వ’ మనకు ఎంత ముద్దుగా ఉన్నా ఇంగ్లిషులో చదివేవారు దాన్ని జామపండు పేరైన ‘గ్వావా’గా పలికే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: ఒక ఏఐ సాధనంతో పది నిమిషాల్లో ఇరవై లోగోలు వచ్చాయి. అందులో ఒకటి అందరికీ నచ్చింది. మా గైడు వాడవద్దంటున్నారు. ఎందుకు?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఆలోచనలు కదిలించుకోవడానికి వాడుకోండి, తుది లోగోగా మాత్రం సమర్పించకండి. ఇటువంటి సాధనాలు లెక్కలేనన్ని పాత బొమ్మల నుంచి నేర్చుకున్నవి కాబట్టి మీకు నచ్చినది ఇప్పటికే ఉన్న ఏదో బ్యాడ్జికి దగ్గరగా ఉండే అవకాశం ఉంది. ఆ పోలికను కనిపెట్టవలసిన బాధ్యత మీదే అవుతుంది. మనిషి చెయ్యి లేని బొమ్మకు కాపీరైట్ ఇవ్వబోమని అమెరికా కాపీరైట్ కార్యాలయం చెబుతోంది. తెలుగు అక్షరాలు అడిగితే ఈ సాధనాలు గుడికీ ఒత్తుకీ తేడా తెలియకుండా వంకర గీతలు ఇవ్వడం తరచుగా జరుగుతోంది. పైగా వచ్చేది చుక్కలతో ఏర్పడిన చిత్రం, స్టిక్కరు కోసే యంత్రానికీ, బ్యాడ్జి అచ్చు చేసేవారికీ కావలసింది గీతల (వెక్టర్) ఫైలు.

నచ్చిన ఆ బొమ్మను పక్కన పెట్టుకుని, అందులో మీకు నచ్చినది ఏమిటో, అంటే వంపా, ఖాళీయా, దిశా, ఒక మాటలో రాసుకోండి. తర్వాత బొమ్మను మూసేసి, ఆ ఒక్క లక్షణంతో పెన్సిలు పట్టి ముప్పై నలభై చిన్న గీతల చిత్రాలు వేయండి. వాటిలో రెండింటిని ఎంచి గీతల సాఫ్ట్‌వేర్‌లో శుభ్రం చేయండి. డిజైన్ పోటీల్లో తుది లోగోతోపాటు అక్కడికి ఎలా చేరారో చూపే షీటు కూడా అడుగుతుంటారు. ఆ పెన్సిలు కాగితాలను పారేయకుండా తేదీలు వేసి దాచండి.